గసగసాల డబ్బా, ఎండుమిరపకాయల గలగల

మొన్న జగ్గయ్యపేటలో మా ఇంటికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఒకడి భుజాన లాప్‌టాప్ సంచి, ఇంకొకడి చేతిలో పెన్‌డ్రైవ్. ఇద్దరూ యూట్యూబులో జానపదాలు చేస్తారట. "బాబాయ్ గారూ, మీ దగ్గర పాత రిథమ్ సౌండ్లు చాలా ఉన్నాయంట గదా, ఇందులో వేసిస్తారా?" అని అడిగారు. వాళ్ళను వంటింట్లోకి తీసుకెళ్ళి మా ఆవిడ పోపులపెట్టె తెరిచి చూపించాను. ఆవాలు, మెంతులు, జీలకర్ర. ఇవే నాయనా నా సౌండ్లు, పట్టుకుపోండి అన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. మా ఆవిడ పెట్టె లాక్కుని మూత పెట్టేసింది. ఆ పెట్టెతో నేను పెట్టిన బాధలు ఆవిడకు గుర్తే.

వాళ్ళు కూర్చుని చాలాసేపు విన్నారు. చెబుతున్నకొద్దీ వాళ్ళ సంగతేమోగానీ నాకే హుషారు ఎక్కువైపోయింది. రిటైరై ఇంట్లో కూర్చున్నవాణ్ణి, మళ్ళీ డబ్బా పట్టుకుని నందిగామ బస్సు ఎక్కేద్దామనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు చదవాలి. నాకు ఎవరు శాలువా కప్పారు, ఎన్ని కాసెట్ల మీద పేరు పడింది లాంటివి ఇందులో ఉండవు. కాసెట్ల మీద నా పేరు ఎలాగూ పడలేదు, ఆ గొడవ లేదు.

పాట వెనక కూర్చునే పని

నేను సైడ్ రిథమ్ వాణ్ణి. తబలా, ఢోలక్ వాయించేవాళ్ళు పాటకు నడక ఇస్తారు. నేను వాళ్ళ పక్కన కూర్చుని చిన్నాచితకా చప్పుళ్ళు చేస్తాను. ఖంజీర, చిడతలు, గజ్జెలు, కొబ్బరిచిప్పలు, గింజలు పోసిన డబ్బా, ఒక్కోసారి ఇత్తడి చెంబు మీద ఉంగరంతో తట్టడం. వినేవాడు గొంతు వింటాడు, మాటలు వింటాడు, ఢోలక్‌కు తలూపుతాడు. నన్ను పట్టించుకోడు. అదే నన్ను తీసేసి వినిపించండి, ఇదేంటి, ఏదో వెలితిగా ఉందే అంటాడు. ఏం వెలితో చెప్పమంటే చెప్పలేడు. ఆ వెలితి పూడ్చడమే నా ఉద్యోగం.

మా నాన్న మిరప రైతు. మావాడు పొద్దున్నే బస్సెక్కి నందిగామ పోయి, సాయంత్రందాకా డబ్బా ఊపి ఇంటికొస్తాడు అని పదిమందిలో చెప్పేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ ఊపడంలో ఉన్న మజా ఆయనకేం తెలుసు! డబ్బాను ముందుకు విసిరితే ఒక చప్పుడు, వెనక్కి లాగితే ఇంకొకటి. ఆ రెండోది ఒక్క పిసరు మెత్తగా పడితే పాట ఊగుతుంది. రెండూ ఒకేలా పడ్డాయా, పాట నిలబడిపోతుంది. ఇది చేతికి పట్టుబడిన రోజు నాకు అన్నం సయించలేదు. అంత సంబరం.

కంప్యూటరులో దొరికే చప్పుళ్ళ మీద నాకు కోపం లేదు. నేనూ వాడాను. కాకపోతే అవి అలిసిపోవు. మొదటి చరణంలో ఎలా పడతాయో ఆఖరి చరణంలోనూ అలాగే పడతాయి. పాడేవాళ్ళకు ఆఖరికి వచ్చేసరికి ఊపిరి తగ్గుతుంది, దాంతోపాటు మనం కూడా తగ్గాలి. పక్కన మనిషి ఉన్నాడని గొంతుకు తెలియాలి.

గుప్త గారి కొట్టు

మా స్టూడియో నందిగామలో హైవేకు రెండు సందులు అవతల ఉండేది. కింద కిరాణా, నూనె కొట్టు, పైన రికార్డింగ్ గది. రెండూ గుప్త గారివే. వాళ్ళది తరతరాల వ్యాపార కుటుంబం. ఆయనకు మాత్రం హార్మోనియం పిచ్చి. పొద్దున కొట్లో తూకం వేసి, మధ్యాహ్నం పైకి వచ్చి పాటలు చేసేవారు. భజన పాటలు, బుర్రకథలు, ఎన్నికల పాటలు, పెళ్ళి పాటలు, ఏవంటే అవి. కాసెట్ల నాడు మొదలుపెట్టి, కంప్యూటరు వచ్చాక ఆ మౌసు కూడా ఆయనే పట్టుకున్నారు. గది కిటికీలకు గోనెసంచులు కుక్కి పాత బొంతలు కొట్టించారు. అయినా హైవే మీద బస్సు గట్టిగా హారన్ కొడితే అప్పటిదాకా పట్టిన టేకు పోయినట్టే.

నన్ను మొదట ఒక భజనలో ఖంజీర వాయిస్తుండగా చూశారు. మర్నాడు రమ్మన్నారు, ఖంజీర తేవద్దన్నారు. వెళితే పైకి తీసుకెళ్ళకుండా కొట్లోనే స్టూలేసి కూర్చోబెట్టారు. ఒక పాత బిస్కెట్ డబ్బాలో కందులు పోసి ఊపారు, కళ్ళు మూసుకోమన్నారు. తర్వాత సజ్జలు. తర్వాత ఆవాలు. ఏది ఏదో చెప్పమన్నారు. సరుకులకు వచ్చినవాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటున్నారు. నాకవేం పట్టలేదు. సజ్జలకూ ఆవాలకూ అంత తేడా ఉంటుందని అంతకుముందు నాకు ఎవరూ చెప్పలేదు మరి.

ఆయన మెచ్చుకునే మనిషి కాదు. గంజి పెట్టిన చొక్కా వేసుకొస్తే మైకులో పరపరలాడుతుందని విప్పించి బనీనుతో కూర్చోబెట్టేవారు. ఒక భజన పాటలో నేను చిడతలూ, గజ్జెలూ, ఖంజీరా అన్నీ దట్టించి మురిసిపోతుంటే, ఒక్కొక్కటీ మూసేసి వినిపించారు. అన్నీ తీసేశాక, పల్లవి చివర ఒకే ఒక్క చిడత దెబ్బ ఉంచారు. ఒళ్ళు ఝల్లుమంది. చరణమంతా వాయిస్తే నువ్వున్నావన్న సంగతే మర్చిపోతారయ్యా, కాస్త ఎదురుచూడనివ్వు అన్నారు. నేను నేర్చుకున్న దాంట్లో సగం అదే.

ఆయనకు ఇంకో నియమం ఉండేది. ఎవరి చప్పుడు వారి మైకులోకే రావాలి. గాయని గొంతులో నా డబ్బా చప్పుడు కాస్త కలిసినా ఊరుకునేవారు కాదు. విడివిడిగా ఉంటే ఎప్పుడైనా ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు, కలిసిపోతే ఇక ఎవరి వల్లా కాదు అనేవారు. ఇప్పుడు కంప్యూటరు అవి కూడా విడదీస్తుందట. అప్పట్లో మా దగ్గర ఆ వసతి లేదు.

నూనె పడిన గొలుసు

ఒక జోలపాట వచ్చింది. గుప్త గారింట్లో పాత ఉయ్యాలబల్ల ఉండేది. ఊగినప్పుడు దాని గొలుసు కిర్రు మని, మళ్ళీ ఒక్క క్షణం ఆగి కిర్రు మనేది. అచ్చం పాట తాళానికి! నేను ఎగిరి గంతేశాను. చీకటి పడింది కాబట్టి రేపు రికార్డు చేద్దామని ఆ గొలుసు విప్పి కొట్లో పెట్టి వెళ్ళాను.

పొద్దున వచ్చి మైకు ముందు వేలాడదీసి ఊపితే చప్పుడు లేదు. పట్టుదారంలా జారిపోతోంది. గుప్త గారి భార్య లక్ష్మీకాంతమ్మ గారు మెట్ల మీద నిలబడి, పాపం కిర్రుకిర్రు మంటోందని నిన్న శుభ్రంగా ఆముదం వేశానండీ, ఇక ఇబ్బంది ఉండదు అన్నారు సంతోషంగా. నూనె కొట్టు వాళ్ళింట్లో గొలుసు ఊరికే ఉంటుందా? కుంకుడు రసంతో కడిగాం, ముగ్గుపిండి రుద్దాం. ఆ కిర్రు మళ్ళీ రాలేదు. గుప్త గారు ఆమెను ఏమీ అనలేక నన్ను తిట్టారు. చివరికి చిన్న డబ్బాలో గసగసాలు పోసి, ఊపకుండా ఊరికే అటూ ఇటూ ఒరిగించాను. పిల్లవాడి ఊపిరిలా వచ్చింది. పాట దానితోనే అయిపోయింది. పిల్లలూ, మంచి చప్పుడు వినపడితే అప్పుడే పట్టుకోండి, రేపటికి ఉంచకండి.

ట్రాక్ పాడే నాగమణి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పకపోతే ఈ వ్యాసం రాసి కూడా దండగ.

మా పనిలో ట్రాక్ పాడడం అని ఒక పద్ధతి ఉంది. పేరున్న గాయని వచ్చి పాట నేర్చుకుంటూ కూర్చోదు. అందుకని ముందుగా ఇంకొకరి చేత పాడించి ఉంచుతారు. ఆవిడ వచ్చి అది విని, దాని మీద తన గొంతుతో పాడుతుంది. ఆ తర్వాత మొదటి గొంతు తీసేస్తారు. మాకు ట్రాక్ పాడింది నాగమణి. ముక్త్యాల అమ్మాయి, భర్తకు అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఇద్దరం జగ్గయ్యపేటలో ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. నన్ను అన్నయ్యా అని పిలిచేది. ఏళ్ళ తరబడి మా గదిలో పాడింది. ఒక్క పాటలోనూ ఆమె గొంతు మిగల్లేదు. ఊళ్ళో ఎవరైనా ఏ పాట పాడావమ్మా అని అడిగితే ఏం చెప్పాలో తెలియక నవ్వేదట. పూర్తయిన పాటను ఆమె ఎప్పుడూ వినేది కాదు. గుప్త గారు వినమన్నా, బస్సుకు టైమైంది అంటూ వెళ్ళిపోయేది.

కంచికచర్లలో విత్తనాల షాపు నడిపే వెంకట్రామయ్య గారు ఒక పాట చేయించుకోవాలని వచ్చారు. మిరప కల్లం కాపలాకు వెళ్ళిన మొగుడికి పెళ్ళాం క్యారేజీ తీసుకెళుతూ పాడే పాట. యూట్యూబులో పెట్టాలి, ఊళ్ళల్లో ఆటో మీద మైకులో వేయాలి. విజయవాడలో టీవీలో పాడే గాయని ఒకావిడ ఫోటో కూడా పోస్టరుకు ఎంచి పెట్టుకున్నారు. పాట బాణీ వినగానే గుప్త గారికి ఇది నాగమణి పాట అని తోచింది. ఆ మాటే అన్నారు. వెంకట్రామయ్య గారు మొహమాటానికి, సరే పాడించండి, సాయంత్రం వచ్చి వింటాను, నచ్చకపోతే మాత్రం విజయవాడ ఆవిడే అన్నారు. నచ్చదని ఆయన ముఖంలోనే తెలుస్తోంది.

ఆ సంగతి నాగమణికీ తెలుసు.

ఘాటు

ఆ పాటకు నా దగ్గర మంచి ఆలోచన ఉంది. కల్లంలో మిరపకాయ బాగా ఎండిందో లేదో రైతు కంటితో చూడడు. కాయ తీసి చెవి దగ్గర ఊపుతాడు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడు నా చెవుల్లో ఉంది. పైన తోలు గరగర, లోపల గింజ టిక్కుటిక్కు. ఏ డబ్బాలోనూ ఆ రెండూ కలిసి రావు. మా కల్లం నుంచి సంచిలో ఎండుమిరపకాయలు తెచ్చాను. చేటలో పోసి మెల్లగా దొర్లించాలని ఉపాయం.

గదిలో మధ్యన దుప్పటి కట్టి, ఆమెకో మైకు, నాకో మైకు పెట్టారు గుప్త గారు. పల్లవి మొదలైంది. చేట కదిపాను. అబ్బ, ఏం చప్పుడండీ! గుప్త గారు హెడ్‌ఫోన్స్‌లో విని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి నా వైపు చూశారు. ఆయన అలా చూడడం నా జన్మలో అదే మొదటిసారి. నాకు పూనకం వచ్చినట్టయింది. ఇంకా ఊపాను. కాయలు చిట్లాయి, గింజలు, పొట్టు లేచాయి. కిటికీలన్నీ గోనెసంచులతో మూసేసి ఉన్నాయి, ఏసీ ఒక్కటే తిరుగుతోంది. అది ఆ ఘాటును చక్కగా గదంతా పంచింది.

చరణం మధ్యలో నాగమణి గొంతు పట్టేసింది. దగ్గు మొదలై ఆగలేదు. గుప్త గారు తుమ్ముతూ తలుపు తీశారు. ముగ్గురం మెట్ల మీద పడ్డాం, కళ్ళల్లో నుంచి ధారలు. మిరప రైతు కొడుకునై ఉండి మూసిన గదిలోకి ఎండుమిరపకాయలు తెచ్చానంటే నన్నేమనాలి? లక్ష్మీకాంతమ్మ గారు చెంబుతో మజ్జిగ తెచ్చి ఆమె చేత తాగించారు. సాయంత్రం వెంకట్రామయ్య గారు వస్తారు. ఆ గొంతు అప్పటికి తేరుకోకపోతే, ఉన్న ఒక్క అవకాశం పోతుంది. ఏదో చెప్పబోయాను.

"మీరేం కంగారుపడమాకండి అన్నయ్యా. నా గొంతు ఎట్టాగూ తీసేసేదేగా" అంది.

ఆ మాట గుప్త గారు కూడా విన్నారు.

ఒకే మైకు

తర్వాత ఆయన లేచి, మిరపకాయలు డాబా మీదికి పట్టుకురా అన్నారు. పైన గాలి బాగా వీస్తోంది, ఘాటు నిలవదు. ఒక మూల వడియాలు ఎండుతున్నాయి. మైకు వైరు మెట్ల మీదుగా కింద గదిలోకి దించారు. నాగమణిని పిట్టగోడ నీడలో కూర్చోబెట్టారు. నన్ను ఆమె పక్కన, దాదాపు మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోమన్నారు. మధ్యలో ఒక మైకు.

రెండో మైకు ఏదండీ అన్నాను. కింద మెట్ల పక్క మేకుకు దాని వైరు వేలాడుతూ నాకు కనపడుతూనే ఉంది. ఒకటి చాలు అన్నారు. అలాగైతే రెండూ కలిసిపోతాయండీ, తర్వాత విడదీయలేం గదా అన్నాను.

"కలవనీ" అన్నారు గుప్త గారు.

నేను ఇంకేమీ ఆలోచించలేదు. ఆలోచించే స్థితిలో లేను. ఈసారి చేట ఊపలేదు. ఊరికే వాలుగా పట్టుకుని కాయలు ఒకదాని మీద ఒకటి జారనిచ్చాను. దగ్గి దగ్గి నాగమణి గొంతు కాస్త జీర పోయింది. మామూలుగా పైకి పాడే చోట ఆమె కిందికి దిగి పాడింది. నా చేట ఆమె ఊపిరితో పాటు కదిలింది. ఆమె ఆగితే ఆగాను, ఆమె తగ్గితే తగ్గాను. దూరంగా బస్సులు పోతున్నాయి. ఒక్క హారన్ కూడా పడలేదు, మా అదృష్టం. పాట అయిపోయాక ముగ్గురం ఎవరి ముఖాలు వారు తిప్పుకున్నాం. నాకైతే గంతులేయాలనిపించింది. ఇన్నేళ్ళ పనిలో అంత బాగా నేనెప్పుడూ వాయించలేదు.

వెంకట్రామయ్య గారు విన్నది

సాయంత్రం ఆయన వచ్చారు. కుర్చీలో వెనక్కి వాలి విన్నారు. మిరపకాయల చప్పుడు రాగానే లేచి కూర్చున్నారు. ఆయనా ఒకప్పుడు మిరప వేసినవారే. కాయ భలే ఎండిందండీ అన్నారు. పాటంతా విని తొడ మీద చరిచారు. ఇంత బాగా వస్తుందనుకోలేదు, ఈ కల్లం చప్పుడు ఇలాగే ఉండనివ్వండి, రేపు విజయవాడ ఆవిడను పిలిచి దీని మీద పాడిద్దాం అన్నారు.

నాగమణి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిసంచి తీసుకుంది. నా చప్పుడు నెగ్గింది, ఆమె గొంతు ఓడింది. నా పనితనం మీద నాకే అసహ్యం వేసింది.

గుప్త గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఆ గలగల ఉండాలంటారా?" అని అడిగారు.

"అదే గదండీ పాటంతా" అన్నారు వెంకట్రామయ్య గారు.

"అయితే ఈ అమ్మాయి కూడా ఉండాలి. ఇద్దరూ ఒకే మైకులో కూర్చున్నారు. ఒకర్ని లేపితే రెండోవాళ్ళూ లేస్తారు."

మేకుకు వేలాడిన ఆ రెండో వైరు అప్పుడు నా బుర్రకు తగిలింది. విడివిడిగా ఉంటేగానీ ఒప్పుకోని మనిషి, కావాలనే మమ్మల్ని కలిపేశాడు! ఆ మాట ఆయన ఆ తర్వాత కూడా ఒప్పుకోలేదు. వైరు సరిగా పనిచేయడం లేదయ్యా అనేవారు.

వెంకట్రామయ్య గారు తేలిగ్గా వదల్లేదు. చేట ఒక్కటే విడిగా మళ్ళీ వాయించమన్నారు, పక్కన ఆ ఊపిరి లేకపోతే నాకు ఆ నడక రాదండీ అన్నాను. విజయవాడ ఆవిడను కూడా డాబా మీదే పాడిద్దాం అన్నారు. ఏసీ కాస్త తగ్గితేనే ఊరుకోని ఆవిడను మిరపకాయల పక్కన మీరే కూర్చోబెట్టండి, నేను మైకు పెడతాను అన్నారు గుప్త గారు. వెంకట్రామయ్య గారికి నవ్వొచ్చింది. మళ్ళీ ఒకసారి వేయమన్నారు. ఈసారి ఆయన కాయల చప్పుడు వినలేదు, గొంతు విన్నారు. అది ఆయన ముఖంలో నాకు కనపడింది.

పాట అయ్యాక గుమ్మం వైపు తిరిగి, ఇదే ఉంచండి అన్నారు. "పేరేంటమ్మా? పోస్టరు మీద వేయాలి గదా" అని అడిగారు.

పేరు నేనే చెప్పాను.

ఆయన వెళ్ళాక నేను చేట, సంచి సర్దుకుంటున్నాను. జగ్గయ్యపేట బస్సుకు వేళైంది. నాగమణి కదల్లేదు. సంచి కింద పెట్టి, గుప్త గారిని ఒకసారి వేస్తారా అని అడిగింది. ఆయన వేశారు. కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకుని నిలబడి విన్నది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. ఎక్కడో ఒకచోట తన గొంతు ఆగిపోయి ఇంకొకరిది వస్తుందేమో అన్నట్టు బిగుసుకుని ఉంది. రెండో చరణం వచ్చింది, పల్లవి తిరిగింది, పాట ముగిసింది.

"చివరిదాకా నేనే ఉన్నా అన్నయ్యా" అంది.